ఒక్క గెలుపు, పది ఓటములు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ గురించి రాసేవాళ్లు మామూలుగా ఛాంపియన్లతో మొదలుపెడతారు. నేను 1989 నాటి కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ జట్టుతో మొదలుపెడతాను. ఆ ఏడాది వాళ్లు పదకొండు మ్యాచ్‌లు ఆడి ఒక్కటే గెలిచారు. బిగ్ ఎయిట్ అనే తమ లీగ్‌లో ఆడిన ఏడింటికి ఏడూ ఓడిపోయారు. నెబ్రాస్కా చేతిలో 58-7, కొలరాడో చేతిలో 59-11. కొత్త కోచ్ బిల్ స్నైడర్‌కి అది మొదటి సీజన్. తర్వాత ఆయన సాధించినవి ఎన్నో ఉన్నాయి. అయినా ఆయన పనితనం అసలు రూపంలో చూడాలంటే ఈ సీజన్‌లోనే చూడాలని నా అభిప్రాయం.

కాన్సాస్ రాష్ట్రంలో మాన్‌హాటన్ అనే చిన్న ఊళ్లో ఉంటుంది ఈ విశ్వవిద్యాలయం. తెలుగువాళ్లకు మరీ పరాయిదేమీ కాదు. 1964లో రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు, అమెరికా ప్రభుత్వ సాయ పథకం కింద దానికి చేయూతనిచ్చింది కాన్సాస్ స్టేటే. అక్కడి ఆచార్యులు హైదరాబాద్ వచ్చి పనిచేశారు, ఇక్కడివాళ్లు అక్కడికి వెళ్లి చదువుకున్నారు. వ్యవసాయంలో అంత పేరున్న సంస్థ, ఫుట్‌బాల్‌లో మాత్రం దేశమంతటికీ నవ్వులాట అయిపోయింది.

1988 నవంబరులో స్నైడర్ వచ్చేనాటికి ఆ జట్టు వరసగా 27 మ్యాచ్‌లలో గెలుపు ముఖం చూడలేదు. ఆ వరసలో ఓటమి కానిది ఒక్కటే, 1987లో సాటి కాన్సాస్ యూనివర్సిటీతో 17-17తో ముగిసిన మ్యాచ్. మొత్తం చరిత్రలో ఓటములు 500 దాటాయి. పెద్ద కాలేజీల్లో ఇంకెవరికీ అన్ని లేవు. సీజన్ చివర మంచి జట్లను పిలిచి ఆడించే బౌల్ మ్యాచ్‌లలో అప్పటిదాకా వాళ్లు అడుగుపెట్టింది ఒక్కసారి, 1982లో, అదీ ఓడిపోయారు. 1989 సీజన్ మొదలవుతుండగా స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక ఈ జట్టు దౌర్భాగ్యం మీదే పెద్ద కథనం వేసింది. ఆ కథనం నీడలోనే కుర్రాళ్లు మైదానంలోకి దిగారు.

స్నైడర్‌కి అప్పుడు 49 ఏళ్లు. పదేళ్లుగా అయోవా యూనివర్సిటీలో కోచ్ హేడెన్ ఫ్రై దగ్గర సహాయకుడు. ఏళ్ల తరబడి ఓడుతున్న అయోవాను ఫ్రై నిలబెట్టిన తీరు దగ్గరుండి చూసినవాడు. అంత స్థిరమైన చోటు వదులుకుని ఈ జట్టుకు రావడం చాలామందికి అర్థం కాలేదు. ఇంత దిగువ నుంచి పైకి తెచ్చే అవకాశం ఇంకెక్కడా దొరకదన్నది ఆయన ఆలోచన.

కాలేజీ ఆటలో ఉన్న చిక్కు ఇక్కడ చెప్పాలి. ఆటగాళ్లు విద్యార్థులు. అప్పట్లో ఒక్కొక్కరికీ నాలుగు సీజన్లే ఉండేవి. ఆ రోజుల్లో డబ్బు పోసి తారలను కొనుక్కునే దారి లేదు. హైస్కూల్ కుర్రాణ్ని ఒప్పించి తెచ్చుకుని, కండ పట్టించి, ఆట నేర్పి నిలబెట్టేసరికి రెండు మూడేళ్లు పడుతుంది. ఎప్పుడూ ఓడే కాలేజీకి మంచి కుర్రాడు ఎందుకొస్తాడు? రాకపోతే గెలుపెలా వస్తుంది? ఈ ముడి విప్పడానికి స్నైడర్ రెండేళ్ల జూనియర్ కాలేజీల వైపు తిరిగాడు. కాన్సాస్‌లో అవి చాలా ఉన్నాయి. అక్కడ ఆడి వచ్చినవాళ్లకు ఒళ్లు ముదిరి ఉంటుంది, ఆట తెలిసి ఉంటుంది, కాకపోతే అప్పట్లో మిగిలేది రెండేళ్లే. వాళ్లతో ఇవాళ్టి జట్టును నడుపుతూ, హైస్కూల్ కుర్రాళ్లతో రేపటి జట్టును పెంచాడు. స్కాలర్‌షిప్ లేకుండా సొంత ఖర్చుతో చేరే స్థానిక పిల్లలకూ చోటిచ్చాడు. చాలా ఏళ్ల తర్వాత ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో పెద్ద పేరు తెచ్చుకున్న జోర్డీ నెల్సన్ అలా చేరినవాడే.

ఇక శిక్షణ. స్నైడర్ జట్టు ముందు పదహారు లక్ష్యాలు పెట్టాడు. నిబద్ధత, స్వార్థం లేకపోవడం, ఐకమత్యం, ప్రతిరోజూ ఎంతో కొంత మెరుగుపడటం, తప్పులు తగ్గించుకోవడం, ఓటమికి అలవాటు పడకపోవడం, ఇలా సాగుతుంది జాబితా. గెలుస్తామని నమ్మాలన్నదీ అందులో ఉంది. ఇన్ని మ్యాచ్‌లు గెలవాలి, ఫలానా కప్పు కొట్టాలి అన్న మాట మాత్రం ఒక్కటీ లేదు. నాకు ఇందులో గొప్ప తెలివి కనిపిస్తుంది. 58-7తో ఓడిన జట్టుకు సోమవారం పొద్దున స్కోరుబోర్డు చూపించి ఏం చెబుతాం? నిన్న పట్టు తప్పిన చోట ఇవాళ తప్పకుండా ఆడావా అని అడిగితే కుర్రాడు జవాబు చెప్పగలడు. తన చేతిలో ఉన్నదాన్ని కొలిచి చూపిస్తే ఓడేవాడు కూడా పనిలో నిలబడతాడు. ఇల్లు కట్టేవాడు పునాది తవ్వినన్నాళ్లూ ఊరికి కనబడేది మట్టికుప్పే; 1989లో జనానికి కనబడిందీ అదే.

ఆయన శ్రద్ధ ఎంత సన్నని విషయాల దాకా వెళ్లిందో చూడాలంటే హెల్మెట్ చాలు. పాత ఓటముల గుర్తులేవీ జట్టు ఒంటి మీద ఉండకూడదని కొత్త దుస్తులు, కొత్త ముద్ర కావాలన్నాడు. ఆ విశ్వవిద్యాలయంలోనే చిత్రకళ బోధించే టామ్ బుక్‌వాల్టర్ బొమ్మ గీశాడు. వెండి రంగు హెల్మెట్ మీద పక్కకు చూస్తున్న ఊదారంగు అడవిపిల్లి తల. నాలుగైదు పదునైన గీతల్లో ముందుకు దూసుకుపోతున్నట్టు ఉంటుంది. పవర్‌క్యాట్ అంటారు దాన్ని. 1989లో జట్టు తలకెక్కిన ఆ బొమ్మ ఇవాళ్టికీ దిగలేదు. స్నైడర్ ఊదా సిరాతో స్వయంగా రాసే ఉత్తరాలు కూడా అంతే ప్రసిద్ధం. తన ఆటగాళ్లకే కాదు, బాగా ఆడిన, దెబ్బ తగిలిన ప్రత్యర్థి కుర్రాళ్లకూ రాసేవాడు.

అయినా ఆ సీజన్ మొదటి మ్యాచ్‌లో అరిజోనా స్టేట్ 31-0తో చిత్తు చేసింది. రెండోది ఇంకా బాధాకరం. ఒక మెట్టు కింది విభాగంలో ఆడే నార్తర్న్ అయోవా వీళ్ల సొంత మైదానానికొచ్చి 10-8తో గెలిచి వెళ్లింది. మూడోదీ పోయింది. గెలుపు లేని వరస ముప్పైకి చేరింది.

సెప్టెంబరు 30న నార్త్ టెక్సాస్ వచ్చింది. స్నైడర్ ఒకప్పుడు ఫ్రై కింద పనిచేసిన కాలేజీయే అది. ఆట ముగింపుకొచ్చేసరికి కాన్సాస్ స్టేట్ వెనకబడి ఉంది. ఇలాంటి ఘడియలో చేతులెత్తేయడం ఆ జట్టుకు అలవాటు. ఈసారి బంతిని ముందుకు నడుపుకుంటూ వచ్చారు. గడియారం సున్నాకు చేరే చివరి ఎత్తులో, దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ కార్ల్ స్ట్రా 12 గజాల పాస్ విసిరాడు. ఫ్రాంక్ హెర్నాండెజ్ పట్టుకున్నాడు. బంతి గీత దాటింది: టచ్‌డౌన్. 20-17. దాదాపు మూడేళ్ల తర్వాత వచ్చిన గెలుపు అది. ప్రత్యర్థి కింది విభాగం జట్టే, నిజమే. కానీ రెండు వారాల ముందు అదే స్థాయి జట్టు చేతిలో రెండు పాయింట్ల తేడాతో ఓడినవాళ్లు, ఈసారి ఆఖరి క్షణంలో చేయి వణకకుండా ఆడారు. శిక్షణ పనిచేసిందనడానికి నాకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఆ తర్వాత ఏడూ ఓడారు. అందులో కాన్సాస్‌తో 21-16 దాకా పోరాడారు.

స్నైడర్ మీద ఒక విమర్శ ఉంది. లీగ్ బయటి మ్యాచ్‌లకు బలహీనమైన జట్లను ఎంచుకుని గెలుపులు పోగేశాడంటారు. ఆ మాట కాదనలేం. కానీ గెలవడం మర్చిపోయిన కుర్రాళ్లకు ఆ అలవాటు నేర్పకుండా నెబ్రాస్కా ముందు నిలబెట్టడం నా దృష్టిలో బాధ్యతారాహిత్యమే అయ్యేది. ఎవరితో ఎప్పుడు ఆడాలో నిర్ణయించడం కూడా కోచ్ పనిలో భాగమే.

1990లో ఐదు గెలుపులు, 1991లో ఏడు. 1992లో మళ్లీ ఐదుకు జారారు. ఆయన పద్ధతి మార్చలేదు. 1993లో తొమ్మిది గెలిచి, కాపర్ బౌల్‌లో వయోమింగ్‌ను 52-17తో ఓడించారు. ఆ కాలేజీకి అదే మొదటి బౌల్ విజయం. 1998లో వరసగా పదకొండు గెలిచారు, ఆ మధ్యలోనే కోచ్‌ల ర్యాంకింగ్‌లో దేశంలోనే మొదటి స్థానానికి ఎక్కారు. 2003 డిసెంబరులో లీగ్ ఫైనల్లో ఓక్లహోమాను 35-7తో ఓడించారు. ఆ రోజు ఎదుటి జట్టుకు కోచ్ బాబ్ స్టూప్స్. 1989లో స్నైడర్ ఏరి తెచ్చుకున్న కుర్ర సహాయకుల్లో ఆయన ఒకడు.

2018తో స్నైడర్ పూర్తిగా తప్పుకునేనాటికి ఆయన ఖాతాలో 215 విజయాలున్నాయి. మన కాలేజీల్లో, జిల్లా స్టేడియాల్లో జట్లను తయారుచేసే కోచ్‌లకు, ఒక్క సీజన్ ఫలితం చూసి వాళ్లను తీసేసే కమిటీలకు నా విన్నపం ఒక్కటే: ఆ 215లో 214ను పక్కన పెట్టి, 1989 సీజన్‌ను మొదటి మ్యాచ్ నుంచి చివరి మ్యాచ్ దాకా ఓపికగా చదవండి.