కొరియను బాలుర వ్యాకరణదోషజ్ఞానము: పరీక్షాపద్ధతి విమర్శ

వినికిడి లోపము మొదలగు స్పష్టకారణము లేకయే మాతృభాషను తోటివారివలె నేర్వజాలని బాలురు ప్రతి భాషాసమాజమునను కలరు. వారి భాషాజ్ఞానమును కొలుచుటకు పరిశోధకులు వాక్యమును వినిపించి తప్పో ఒప్పో చెప్పుమందురు. పలుకలేకపోవుట వేరు, ఎఱుగకపోవుట వేరు. ఈ రెంటిని విడదీయుటయే యీ పద్ధతికి ప్రయోజనము. కొరియను భాషకు దీనిని యథాతథముగా అన్వయింపవచ్చునా యనునది ఇచట విచార్యము.

ఆంగ్లమున ఈ పద్ధతి చక్కని ఫలితము నొసగినది. భాషావైకల్యము గల బాలురు క్రియయందు కాలప్రత్యయము లోపించిన వాక్యములను ఒప్పుగా నంగీకరించిరనియు, కర్తకు పొసగని క్రియారూపములను మాత్రము నిరాకరించిరనియు రైస్, వెక్స్‌లర్, రెడ్మండ్ అను వారు 1999లో నిరూపించిరి. తాము చేయు తప్పును వారు గుర్తింపరు, చేయని తప్పును గుర్తింతురు. ఆంగ్లమున నట్టి ప్రత్యయలోపము నిస్సందేహముగా దోషమగుటచేతనే ఈ నిర్ణయము సాధ్యమైనది.

కొరియను భాషలో స్థితి వేరు. 'బాప్' అనగా అన్నము, 'మొగొ' అనగా తినును. ద్వితీయాప్రత్యయముతో 'బాబుల్ మొగొ' అనుట సాధువు. ప్రత్యయము లేక 'బాప్ మొగొ' అనుటయు నిత్యవ్యవహారమున సాధువే. ద్వితీయకు మారుగా ప్రథమను చేర్చి 'బాబి మొగొ' అన్నచో విభక్తివ్యత్యయము. అజంతముపై రావలసిన 'రుల్' అను రూపమును హలంతముపై నిలిపి 'బాప్-రుల్' అన్నచో రూపదోషము. లోపము, వ్యత్యయము, రూపదోషము అను ఈ మూడును ఒకే జ్ఞానమును పరీక్షింపవు. 'బాప్ మొగొ'ను ఒప్పన్న బాలుడు అజ్ఞాని కాడు, వ్యవహారజ్ఞుడు. ఈ మూటిని ఒకే గణనలో కలిపిన పరీక్ష వానికి అన్యాయము చేయును. 'బాబి మొగొ'ను నిరాకరించినవాడు సయితము విభక్తిని బట్టియే నిరాకరించెనని చెప్పజాలము. అన్నము తినదను లోకజ్ఞానమే చాలును.

మఱియు రెండు విషయములు గమనింపదగియున్నవి. కొరియనున క్రియ వాక్యాంతమున వచ్చును. విభక్తి తగినదా కాదా యని తేల్చుటకు క్రియ వినబడువరకు పూర్వపదములను జ్ఞప్తియందుంచుకొనవలెను. శబ్దస్మృతి దుర్బలమైన బాలుడు వ్యాకరణ మెఱిగియు తప్పవచ్చును. ఇక, పది సాధువాక్యములు, పది దుష్టవాక్యములు గల పరీక్షలో అన్నిటిని ఒప్పన్న బాలునికి సగము గుణములు ఊరకే లభించును. కావున సాధువును ఒప్పుటను, దుష్టమును త్రోసివేయుటను జోడించి చూడవలెను. తప్పన్న వాక్యమును దిద్దించియు చూడవలెను. దిద్దుబాటు లేని తీర్పునకు హేతువు తెలియదు.

ఈ చర్చ మనకు దూరమైనది కాదు. జడవాచకముల ద్వితీయాస్థానమున ప్రథమారూపము కానవచ్చుటను బాలవ్యాకరణకర్తయు గుర్తించెను. 'పుస్తకము చదివెను' అనుట తెలుగున దోషము కాదు. అయితే తెలుగు క్రియ కర్త యొక్క లింగవచనములను తెలుపును, కొరియను క్రియ తెలుపదు. కావున తెలుగు బాలురకు కొరియను పరీక్ష సయితము సరిపడదు. ఏ భాషలో ఏది దోషమో ముందు ఆ భాషావ్యవహారమును బట్టి నిర్ణయించి, పిదప బాలుని పరీక్షింపవలెను. ఈ క్రమము తప్పినచో ఆరోగ్యవంతుడు వికలుడనిపించుకొనును, సాయము కావలసినవాడు మఱుగున పడిపోవును.