రాజచిత్రమున సైనికవేషము – దాని వ్యంగ్యార్థము

రాజచిత్రములందు వేషము కేవలాలంకారము గాదు. అదియు నొక వాక్యమే. 1701లో రిగో చిత్రించిన పదునాలుగవ లూయీ పట్టాభిషేకవస్త్రములతో నిలిచి తన రాజత్వమును వాచ్యముగాఁ బ్రకటించుచున్నాఁడు. 1812లో జాక్ లూయీ దవీదు చిత్రించిన నెపోలియను చక్రవర్తి యట్లు గాదు. ఇందుఁ గిరీటము లేదు, రాజదండము లేదు. తన రక్షకసేనయందలి పదాతిదళపు కర్నలు తొడుగు నీలిదుస్తులనే యాతఁడు ధరించినాఁడు. చక్రవర్తి తక్కువ పదవివాని వేషము దాల్చుటచేఁ దాను భటులలో నొకఁడనని సూచించుచున్నాఁడు.

చిత్రార్థ మింతతో ముగియదు. ఖడ్గము నడుమున లేదు, కుర్చీపైఁ బెట్టఁబడినది. దీపములు కాలి క్రుంగినవి. గడియారము నాలుగుగంటల పదుమూఁడు నిమిషములు చూపుచున్నది. మేజోళ్లు ముడుతలు పడినవి. బల్లమీఁది కాగితమునందు శాసనసంహిత పేరు గనఁబడుచున్నది. వేషము వీరమును జెప్పఁగా, నీ పరికరములు ప్రజలకై రాత్రియెల్ల మేల్కొన్న పాలకుని ధ్వనింపఁజేయుచున్నవి. యుద్ధవీరమునకుఁ జెందిన వేష మిందు ధర్మవీరమున కంగమైనది. ఇదియే దవీదు నేర్పు.

ఇచటఁ గాలవిరోధదోషము నారోపింపవచ్చును. ఆ సంహిత 1804లోనే యమలులోనికి వచ్చినది. ఎనిమిదేండ్లకుఁ బిమ్మట దానికై మేల్కొనుట యెట్లు పొసఁగును? సమాధాన మిది: కాకులనుండి పెరుగును గాపాడు మన్నచోఁ గాకపదము కుక్కలకును బిల్లులకును నుపలక్షణ మైనట్లు, సంహిత సకలరాజ్యకార్యములకు నుపలక్షణము. ఇట్టి విరోధము కవికౌశలముచే నొక్కొకచో గుణ మగునని దండియు నంగీకరించినాఁడు.

రెండవ యాక్షేపము బలవత్తరము. ఆ 1812 జూనులోనే చక్రవర్తి లక్షలకొలఁది సేనతో నీమెన్ నది దాఁటి రష్యాపై దండెత్తెను. ఆ సేనలో నధికభాగము మరలి రాలేదు. అట్టివాని ఖడ్గము కుర్చీపై విశ్రమించుట సత్యమా? ఈ చిత్రమును గోరినవాఁడు రాజు గాఁడు. ఫ్రాన్సుతోఁ బోరుచుండిన బ్రిటనుకుఁ జెందిన డగ్లసు ప్రభువు. కావున నిది రాజు వ్రాయించుకొన్న స్తుతి యనరాదు. అయినను దవీదు 1804నుండి చక్రవర్తికిఁ బ్రథమచిత్రకారుఁడు. అంతకు మున్నే, కంచరగాడిదపై ఆల్ప్సుపర్వతములు దాఁటిన నెపోలియనును 1801లో నెగయు గుఱ్ఱముపైఁ జూపినవాఁడు నతఁడే.

కావున రసదృష్టి నీ చిత్ర ముత్తమము. చరిత్రసాక్ష్యముగా మాత్రము గ్రాహ్యము గాదు. ప్రబంధావతారికలనుబట్టి రాజుల శీలమును నిర్ణయించు పరిశోధకు లీ భేదము నెఱుఁగవలయును. స్తుతి వలన నిశ్చయముగాఁ దెలియునది రాజు గుణము గాదు. ఆ కాలమువారు రాజునం దే గుణమును గోరిరో యదియే.