సున్నం నానుతోంది

ఖరగ్‌పూర్ ఖరిదాలో మా ఇంటి వెనక గోడ తాతగారు సున్నంతో కట్టించినది. పదేళ్ల కిందట దానికి సిమెంటు పూయించాను. ఏటా వానలు వెళ్లగానే పెచ్చులు ఊడేవి. పాత గోడ కదా, దాని బలం అయిపోయిందనుకున్నాను. శ్రీరాంపూర్‌లో మేస్త్రీల పని చూశాక తెలిసింది, ఊపిరాడకుండా చేసింది నేనే.

హౌరా దాకా ఒక లోకల్, అక్కణ్నుంచి బండేల్ వైపు ఇంకో లోకల్. హుగ్లీ ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో 1755లో నవాబు అలీవర్దీ ఖాన్ అనుమతితో డెన్మార్క్ వర్తకులు దిగారు. తమ రాజు పేరు మీద ఫ్రెడరిక్స్‌నగర్ అన్నారు. 1845లో తమ మరో స్థావరం తరంగంబాడితో కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకు ఇంగ్లీషువాళ్లకు అమ్మేశారు. తరంగంబాడిలో వాళ్లు కట్టిన డాన్స్‌బోర్గ్ లాంటి కోట ఇక్కడ లేదు. గవర్నరు బంగళా, 1806లో పూర్తయిన సెయింట్ ఓలావ్ చర్చి, నది వైపు చూస్తూ 1786 నాటి పూటకూళ్ల ఇల్లు ఉన్నాయి. ఆ ఇల్లు కప్పు కూలి పాడుబడితే డెన్మార్క్ జాతీయ మ్యూజియం పూనుకుని బాగుచేయించింది. 2018 నుంచి అందులో కాఫీ తాగొచ్చు, రాత్రి పడుకోవచ్చు. చర్చి మరమ్మతుకు 2016లో యునెస్కో పురస్కారం వచ్చింది.

నన్ను పట్టి నిలబెట్టింది ఆ గోడల పూత. సున్నం, ఇటుక పొడి. బెంగాలీలు చున్-సుర్కీ అంటారు, మనవైపు డంగు సున్నం. ఈ పూతలోకి చెమ్మ ఎలా వెళ్తుందో అలాగే బయటికి వచ్చేస్తుంది. సిమెంటు దాన్ని లోపలే బిగించేస్తుంది. ఉప్పు పేరుకుని ఇటుక పొడిపొడిగా రాలిపోతుంది. సున్నం గాలిని పీల్చుకుంటూ నెలల తరబడి రాయిగా మారుతుంది. పలచగా ఒక పూత వేసి, తడిపి, ఆగి, మళ్లీ ఇంకోటి.

ఇదే ఊళ్లో మన భాషకీ ఒక మరమ్మతు జరిగింది. ఈస్టిండియా కంపెనీ మిషనరీలను రానివ్వని రోజుల్లో విలియం కేరీకి చోటిచ్చింది ఈ డెన్మార్క్ ఊరే. 1812 మార్చిలో ఆయన అచ్చుకూటం తగలబడింది. ఆయన రాసిన తెలుగు వ్యాకరణం రాతప్రతి మొత్తం కాలిపోయింది. అక్షరాల ఉక్కు ముద్రలు మాత్రం బూడిదలో చెడకుండా దొరికాయి. కరిగి ముద్దయిన లోహాన్నే తీసి మళ్లీ అక్షరాలు పోశారు. కేరీ మళ్లీ మొదటినుంచి రాశాడు. 1814లో ఆ వ్యాకరణం అచ్చయి వచ్చింది. రైల్వే పనుల కోసం మనవాళ్లు బెంగాల్ రావడానికి ఎనభై ఏళ్లకు పైగా ముందే మన అక్షరం ఇక్కడ ఒకసారి కాలి, మళ్లీ లేచింది. ఖరిదా తెలుగు పిల్లలకు ఇది చెప్పేవాళ్లు ఉంటే బాగుండును.

శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడ్డ ముసలి మేస్త్రీని పోయిన నెల పిలిచాను. సుత్తితో గోడ తట్టి, చెవి ఆనించి విన్నాడు.

"సిమెంటంతా దులిపేయాల బాబూ. లోపల ఇటుక ఇంకా బతికే ఉంది."

వెనక పెరట్లో తొట్టెలో సున్నం నానబెట్టి ఇవాళ్టికి పదకొండు రోజులు. ఇంకో పది రోజులు ముట్టుకోవద్దన్నాడు.