పాసంగం

మొన్నటి మాఘమాసం ముహూర్తాల్లో మా మంథనిలోనే ఒక పెళ్లి తీశాను. జీలకర్ర-బెల్లం వేళకు పెళ్లికూతురికి ఐదడుగుల దూరంలో నిలబడ్డాను. చేతిలో 85 మిల్లీమీటర్ల లెన్సు, అపెర్చర్ 1.8. మంత్రం జోరందుకుంది, అడ్డుతెర తొలిగింది, 18 ఫ్రేములు పడ్డాయి. రాత్రి ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూస్తే గుండె జారిపోయింది. బాసికం దారాలు ఒక్కొక్కటి లెక్కపెట్టేటట్టు ఉన్నాయి. దాని అంచుకు అంటిన పసుపు రేణువు కూడా కనబడుతోంది. కళ్లు మాత్రం మసక. ఒక్క ఫ్రేములో కాదు, 18లోనూ అంతే.

చెయ్యి వణికితే ఫొటో మొత్తం చెదురుతుంది. పెళ్లికూతురు కదిలితే ఒక ఫ్రేములో ముందుకు, ఒక ఫ్రేములో వెనక్కి పోతుంది. అన్నీ ఒకే తీరుగా, ఒకే కొలతతో ముందుకు పడ్డాయంటే తప్పు చేతిది కాదు, కంటిది కాదు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో ఆ లెన్సుతో, ఆ అపెర్చర్‌లో, ఐదడుగుల దూరంలో స్పష్టంగా పడే లోతు మూడున్నర సెంటీమీటర్లే. అంటే రెండు వేళ్ల మందం. నొసటి మీద బాసికం కంటికంటే కొంచెం ముందుకు ఉంటుంది కదా, ఆ రెండు వేళ్లూ అక్కడే ఖర్చైపోయాయి. పెళ్లిళ్లు తీసేవాళ్లకు ఇంతకంటే మంచి కొలబద్ద దొరకదు. బాసికం స్పష్టంగా ఉండి కళ్లు మసకబారితే ఫోకస్ ముందుకు పోతున్నట్టు. చెవి కమ్మలు మెరుస్తూ కళ్లు మసకగా ఉంటే వెనక్కి పోతున్నట్టు.

ఎందుకిలా జరుగుతుంది? డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో వెలుతురుకు రెండు దారులున్నాయి. లెన్సులోంచి వచ్చిన వెలుతురులో ఎక్కువ భాగం పెద్ద అద్దం మీద పడి పైకి, మనం చూసే వ్యూఫైండర్‌కు పోతుంది. కొంత వెలుతురు ఆ అద్దంలోంచి దూరి, వెనకున్న చిన్న అద్దానికి తగిలి కిందికి మళ్లుతుంది. ఫోకస్‌ను కొలిచే సెన్సార్ అక్కడ, కెమెరా అడుగున ఉంటుంది. బటన్ నొక్కగానే అద్దాలు రెండూ పైకి లేచి వెలుతురు నేరుగా ఫొటో సెన్సార్ మీద పడుతుంది. కొలత ఒక దారిలో, ఫొటో ఇంకో దారిలో. రెండు దారుల పొడవు అచ్చంగా సమానమైతేనే కొలిచింది కొలిచినట్టు పడుతుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా కెమెరా తన లెక్కలో ఫోకస్ కుదిరిందనే అనుకుంటుంది, ఫొటోలో మాత్రం కుదరదు.

పాత కిరాణా దుకాణాల్లో తక్కెడ చూసినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. ఖాళీ తక్కెడ ఒక పక్కకు వాలితే దుకాణదారు తేలిక పక్కన ఒక చిన్న రాయో ఇనుప ముక్కో కట్టి సరిచేసేవాడు. దాన్నే పాసంగం అంటారు. పాసంగం కట్టిన తక్కెడ మోసపు తక్కెడ కాదు, కట్టకుండా తూచేదే మోసం. ఒక తక్కెడ పాసంగం విప్పి ఇంకో తక్కెడకు కడితే మాత్రం మంచి తూకం కూడా చెడుతుంది.

కెమెరాకు పాసంగం కట్టుకునే వీలు మొదట 2007లో వచ్చింది. కెనాన్ తన ఇఓఎస్-1డి మార్క్ 3లో దానికి ఏఎఫ్ మైక్రో అడ్జస్ట్‌మెంట్ అని పేరు పెట్టింది. అదే ఏడాది నికాన్ డి3, డి300ల్లో ఏఎఫ్ ఫైన్ ట్యూన్ అంది. మరుసటి ఏడాది పెంటాక్స్ కె20డి, సోనీ ఆల్ఫా 900 వచ్చాయి. పెంటాక్స్‌లో మైనస్ 10 నుంచి ప్లస్ 10 దాకా, మిగతా వాటిలో మైనస్ 20 నుంచి ప్లస్ 20 దాకా జరుపుకోవచ్చు. కెనాన్, నికాన్‌లలో ప్లస్ అంటే ఫోకస్ వెనక్కి, మైనస్ అంటే ముందుకు. ఏ లెన్సుకు ఆ అంకె విడిగా కెమెరాలో దాచుకోవచ్చు. అంతకుముందైతే కెమెరానూ లెన్సునూ కలిపి సర్వీసుకు పంపి వారాలు ఎదురుచూడడం తప్ప దారి లేదు.

నా 85కు కూడా నాలుగేళ్ల కింద రెండు రాత్రులు కూర్చుని ఆ అంకె పెట్టుకున్నాను. తర్వాత దాన్ని మరిచిపోయాను. ఫొటోలు బాగా పడుతుంటే ఎవరికి గుర్తుంటుంది? ఈ పెళ్లికి పది రోజుల ముందు షటర్ మార్పించడానికి కెమెరాను సర్వీసుకు ఇచ్చాను. తిరిగొచ్చేసరికి లోపలి సెట్టింగులన్నీ కొత్త కెమెరాలో ఉన్నట్టే ఉన్నాయి. తేదీ, భాష సరిచేసుకుని పెళ్లికి పోయాను. పాసంగం ఊడిపోయిందన్న ఆలోచనే రాలేదు. అంకె ఎంతో కాగితం మీద ఎక్కడా రాసుకోలేదు. ప్లస్ అన్నది ఖాయం. ఐదా, తొమ్మిదా?

అప్పుడు తట్టింది. నాలుగేళ్లలో ఆ లెన్సుతో తీసిన ప్రతి ఫొటోలోనూ కెమెరా ఆ అంకెను రాసే ఉంటుంది కదా అని.

ప్రతి డిజిటల్ ఫొటో వెనకా ఒక రాత ఉంటుంది. తేదీ, షటర్ వేగం, అపెర్చర్, ఐఎస్‌ఓ. దీన్ని ఎక్సిఫ్ అంటారు. 1995లో జపాన్ ఎలక్ట్రానిక్ పరిశ్రమ వాళ్లు ఈ పద్ధతిని కుదుర్చుకున్నారు. అందులో కంపెనీలు తమ సొంత సంగతులు రాసుకోవడానికి మేకర్ నోట్ అనే ఒక గది వదిలారు. ఆ గదిలో ఏముందో, ఏ వరుసలో ఉందో కంపెనీలు బయటికి చెప్పవు. కంప్యూటర్‌లో ఫొటో మీద రైట్ క్లిక్ కొట్టి వివరాలు చూస్తే అక్కడి సరుకు కనబడదు.

ఆ గది తలుపు తీసినవాడు కెనడాకు చెందిన ఫిల్ హార్వే. వృత్తికి ఫొటోలతో సంబంధం లేదు, భూగర్భంలో న్యూట్రినోలను పట్టే సడ్‌బరీ ప్రయోగశాలకు పనిచేసిన మనిషి. 2003 నుంచి ఎక్సిఫ్‌టూల్ అనే ప్రోగ్రాం రాసి ఉచితంగా ఇస్తున్నాడు. లోకంలోని కెమెరావాళ్లు పంపిన ఫొటోలను పోల్చి పోల్చి, ఏ బైటు మారితే ఏ సెట్టింగు మారిందో పట్టుకుంటూ, ఇరవై ఏళ్లకు పైగా ఆ నిఘంటువును పెంచుతూనే ఉన్నాడు. ఎక్కడి కెనడా, ఎక్కడి మంథని. ఆ రాత్రి నా పని గట్టెక్కింది ఆయన ఓపిక వల్లే. అందుకు ఆయనకు దండం పెట్టుకున్నాను.

ఫొటో మీద రాత మనకు కొత్త కాదు. ఆరో నిజాం దగ్గర పనిచేసిన రాజా దీన్‌దయాళ్ గాజు నెగెటివ్‌ల మీదే నంబరు, చోటు పేరు రాసుకునేవాడు. ప్రింటు అడుగున ఆ రాత ఇప్పటికీ చదవొచ్చు. ఆయన నెగెటివ్‌లు 2,800కు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి. ఆ రాతలు లేకపోతే అందులో చాలావాటిలో ఉన్నది ఏ కోటో, ఏ దివాణమో పోల్చుకోవడం కష్టమయ్యేది.

ఎక్సిఫ్‌టూల్ తెరిచి పాత ఫోల్డర్‌లోంచి ఒక ఫొటో వేశాను. వందల వరుసలు వచ్చాయి. ఇందులో వెతకాల్సిన పేరు కంపెనీని బట్టి మారుతుంది. కెనాన్ ఫొటోలో ఏఎఫ్ మైక్రో అడ్జ్ మోడ్, ఏఎఫ్ మైక్రో అడ్జ్ వాల్యూ అని రెండు వరుసలుంటాయి. నికాన్‌లో ఏఎఫ్ ఫైన్ ట్యూన్, ఏఎఫ్ ఫైన్ ట్యూన్ అడ్జ్. పెంటాక్స్‌లో ఏఎఫ్ అడ్జస్ట్‌మెంట్. అంకె ఒక్కటే చూసి లేవకూడదు, మోడ్ కూడా చూడాలి. సెట్టింగు ఆపేసి ఉందా, అన్ని లెన్సులకూ ఒకటే పెట్టారా, ఈ లెన్సుకే పెట్టారా అన్నది అందులోనే తెలుస్తుంది.

నాకు వచ్చిన అంకె మైనస్ 4. మతిపోయింది. ప్లస్ అని ఒట్టేసి చెప్పగలను. ఇంకో ఫొటో వేశాను, మళ్లీ మైనస్ 4. మూడో దానికి ప్లస్ 8. అర్ధరాత్రి దాటాక గానీ నంబర్ల వరుస మీదికి కన్ను పోలేదు. అదే జాబితాలో కెమెరా సీరియల్ నంబరు కూడా ఉంది. మైనస్ 4 వచ్చినవి మా తమ్ముని కెమెరావి. పెద్ద పెళ్లిళ్లకు వాణ్ని తోడు తీసుకుపోతాను, లెన్సు ఒక్కటే, ఇద్దరం మార్చుకుంటాం. అదే లెన్సు వాని కెమెరాకు మైనస్ 4 అడిగింది, నా దానికి ప్లస్ 8 అడిగింది. లెన్సు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే లేదు. ఈ తక్కెడ వేరు, ఆ తక్కెడ వేరు.

తెల్లారి ప్లస్ 8 పెట్టి పరీక్ష చేశాను. ఫోకల్ లెంగ్త్‌కు 50 రెట్ల దూరంలో చూడమని సాధారణంగా చెబుతారు, 85కు అది నాలుగు మీటర్ల పైచిలుకు. నేను మాత్రం పెళ్లిలో నిలబడే ఐదడుగుల దూరమే పెట్టుకుంటాను. నా అన్నం అక్కడే ఉంది. బల్ల మీద ఏడు అగ్గిపెట్టెలు ఏటవాలుగా, ఒక్కోటి ఒక్క వేలు వెనక్కి నిలబెట్టి, ట్రైపాడ్ మీద కెమెరా ఉంచి, నడిమి పెట్టె మీద ఫోకస్ చేసి తీశాను. ప్రతిసారీ ఫోకస్ చెడగొట్టి మళ్లీ పట్టించి, పది ఫ్రేములు. ఐదో పెట్టె అక్షరాలు నడిమి దానికంటే తేటగా ఉన్నాయి. ఈసారి వెనక్కి పోతోంది. సర్వీసులో షటర్ మార్చినప్పుడు అద్దం కూడా కొంత కదిలి ఉంటుంది. ఏడు, ఆరు, ఐదు అని దించుకుంటూ వస్తే ప్లస్ 5 దగ్గర నడిమి పెట్టె నిలిచింది. లైవ్ వ్యూలో, అంటే అద్దం లేపి నేరుగా ఫొటో సెన్సార్ మీదే ఫోకస్ చేసి ఒకటి తీసి పక్కన పెట్టి చూశాను. రెండూ ఒక్కటే.

ఇప్పుడొస్తున్న మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఫొటో సెన్సారే ఫోకస్ కూడా కొలుస్తుంది. దారి ఒక్కటే కాబట్టి ఈ బాధ దాదాపు లేదు. కానీ మంథనిలో, కాటారంలో, గోదావరిఖనిలో ఎన్నో స్టూడియోలు ఇంకా సెకండ్‌హ్యాండ్ డీఎస్‌ఎల్‌ఆర్‌ల మీదే నడుస్తున్నాయి. అలాంటిది కొనేటప్పుడు ఒక్క పని చేయండి. అమ్మేవాళ్లను కార్డులోంచి నేరుగా తీసిన ఫొటో ఒకటి అడగండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వచ్చింది పనికిరాదు, దారిలోనే ఈ రాతంతా రాలిపోతుంది. అసలు ఫొటోలో అంకె ప్లస్ 20 దగ్గరో మైనస్ 20 దగ్గరో చివరంచున ఉంటే, ఆ కెమెరాకో లెన్సుకో పాసంగం కాదు, మరమ్మతే కావాలి.

ఆల్బం ఇచ్చాక ఫైళ్లన్నీ తీసేసే అలవాటు నాకుండేది. ఆ పాత ఫోల్డర్ మిగలడం నా అదృష్టం. ఇక మీద పెళ్లికొక్కటి చొప్పున, లెన్సుకొక్కటి చొప్పున అసలు ఫైలు దాస్తాను.

జీలకర్ర-బెల్లం ఫొటో ఆల్బంలో తమ్ముడు తీసిందే పెట్టాను. ఆ ఇంటివాళ్లకు జరిగింది చెప్పాను. వాళ్లు ఏమీ అనలేదు, కానీ ఆ అమ్మాయి కళ్లలో ఆ క్షణం నా ఫ్రేములోనే ఎక్కువుంది. అది నాకు తెలుసు.

నాకు పని నేర్పిన సారు దగ్గరికి పోయి ఇదంతా చెప్పాను. 2022 జూలైలో గోదావరి ఊళ్లోకి వచ్చినప్పుడు ఆయన నెగెటివ్ కవర్లు చాలా తడిశాయి. పెన్నుతో రాసినవి నీలంగా కారిపోయాయి, పెన్సిల్‌తో రాసినవి అట్లాగే ఉన్నాయి. సాంతం విని ఒక్క మాట అడిగారు.

“మరి ఇప్పుడన్న రాసుకున్నవా బిడ్డా?”

“కెమెరాల ఉంది సారూ.”

“అప్పుడు గూడ కెమెరాలనే ఉండె గద.”

ఇంటికొచ్చి కెమెరా బ్యాగు మూత లోపల తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించాను. పెన్సిల్‌తో తేదీ, కెమెరా నంబరులో చివరి నాలుగంకెలు, 85, ప్లస్ 5 అని రాశాను. దాని కింద ఇంకో రెండు వరుసలకు చోటు వదిలాను.