గుడ్డ పిడి

ఊళ్లో బోరు మోటారు స్టార్టర్ డబ్బా ఎప్పుడైనా తెరిచి చూశారా? వైర్లూ ఫ్యూజులూ బిగించే ముదురు గోధుమరంగు పలక ఒకటి లోపల ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ను అడిగితే హైలం షీటు అంటాడు. కరెంటు పోనివ్వదు, తడికి ఉబ్బదు, ఎండకు వంకర తిరగదు. దాని అంచును ఆకురాయితో కాస్త రాకి వెలుతురులో పట్టుకుంటే సన్నటి పొరలు కనిపిస్తాయి. కొన్ని రకాల్లో అవి కాగితం పొరలు, కొన్నిట్లో అచ్చమైన నూలు గుడ్డ. గుడ్డను రెజిన్‌లో తడిపి, పొర మీద పొర పేర్చి, వేడి మీద బలంగా నొక్కితే వచ్చే సరుకది. హైదరాబాద్‌లో బేకలైట్ హైలం అని ఒక కంపెనీ ఉండేది. ఆ పలక ఇప్పుడు ఎవరు చేసినా మన దుకాణాల్లో హైలమే.

కత్తులు చేసుకునే సరదా ఉన్నవాళ్లు ఇదే పని ఇంట్లో చేస్తారు. పాత ప్యాంటునో లుంగీనో పీలికలుగా కత్తిరించి, ఎపాక్సీ పట్టించి, రెండు చెక్కల మధ్య బిగిస్తారు. మర్నాటికి గట్టి దిమ్మె వస్తుంది. దాన్ని కోసి, రాకి, కత్తికి పిడి చేస్తారు. అమెరికాలో దీన్ని మైకార్టా అంటారు. 1910 ప్రాంతంలో వెస్టింగ్‌హౌస్ కంపెనీ కరెంటు యంత్రాల కోసం తెచ్చిన సరుకుకు పెట్టుకున్న పేరది. అంతకు మూడేళ్ల ముందు, 1907లో, లియో బేక్‌లాండ్ బేకలైట్ కనిపెట్టాడు. చేతిలో అంత మంచి రెజిన్ ఉన్నాక దాన్ని గుడ్డకూ కాగితానికీ పట్టించి చూడకుండా ఎవరుంటారు? అప్పటిదాకా కరెంటును ఆపే పని ఎక్కువగా అభ్రకం చేసేది, మన గూడూరు గనుల్లో తవ్వే అభ్రకమే. అందులో కొంత పనిని ఈ గుడ్డ పలకలు అందుకున్నాయి. తరవాత అవి కత్తుల వాళ్ల కంట పడ్డాయి. బాబ్ లవ్‌లెస్ అంతటి పేరున్న పనివాడు తన వేటకత్తులకు ఇవే పిడులు వేశాడు. చెమట చేతికి జారవు, నీళ్లలో నానినా బిగువు వదలవు.

నాకు దీని మీద మనసు పోయింది కత్తుల వల్ల కాదు, గుడ్డల వల్ల. నల్లగొండ దిక్కున పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, పాలమూరు దిక్కున గద్వాల, నారాయణపేట. 2016లోనూ 2019లోనూ జిల్లాలు ముక్కలై ఇవన్నీ వేరే వేరే కలెక్టరాఫీసుల కిందికి పోయాయి కానీ, మగ్గానికి ఆ సంగతి పట్టదు. ఇన్ని రకాల బట్ట నేసే చోట, బట్టతో చేసే పిడి ఎట్లా ఉంటుందో చూడాలనిపించడం వింతేమీ కాదు.

చూస్తే తెలిసిన మొదటి సంగతి ఇది. దిమ్మెలో గుడ్డ మీది బొమ్మ కనిపించదు. గుడ్డ అంచే కనిపిస్తుంది. పిడిని చేతికి ఒదిగేలా గుండ్రంగా రాకుతూ పోతుంటే పొరలు ఒక్కొక్కటే తెగి, వంపు తిరిగిన చోటల్లా గీతలుగా బయటపడతాయి. అద్దకం వేసిన చీటీ గుడ్డ ఎంత అందంగా ఉన్నా దిమ్మెలో తేలిపోతుంది, ఎందుకంటే దాని రంగు పైపైనే. జీన్స్ గుడ్డ ఇంకో తమాషా. అందులో నిలువు పోగు నీలం, అడ్డపోగు తెలుపు. ఆ నీలమైనా నూలు పైపొరకే పట్టి ఉంటుంది, నడుమ అంతా తెల్లనే. కాబట్టి గరుకు కాగితం తగిలే కొద్దీ నీలం తగ్గి, తెల్లటి చుక్కలు లేస్తాయి. పోచంపల్లిలో నేసే చిటికి, అంటే ఇక్కత్ బట్ట తీరు వేరు. అక్కడ నేయకముందే నూలును కట్టలు కట్టి, ముడులు వేసి, రంగులో ముంచి, ముడులు విప్పి మళ్లీ ముంచుతారు. రంగు పోగులోనే ఉంది. అందుకే దాన్ని ఎక్కడ కోసినా ఎరుపు ఎరుపుగానే, నలుపు నలుపుగానే వస్తుంది. ముడి కింద రంగు కొద్దిగా పాకి చెదిరిన చోటు కూడా, బట్ట మీద మనం మెచ్చుకునే ఆ చెదురు, పిడి వంపులో గోరంత మేర అట్లాగే దిగుతుంది. రెజిన్ తడికి రంగులన్నీ ఒక పాలు ముదురుతాయి. తెల్లది తెల్లగా ఉండదు, గంజి రంగుకు తిరిగి లోపలి పొర లీలగా కనిపిస్తుంది.

అయితే ఈ మాట చదివి ఎవరైనా పోచంపల్లి చీరకు కత్తెర పెడితే ఆ పాపం నాది కాదు. ఆ నూలును ఆసు అనే చట్రం మీద పోయడానికి ఒక మనిషి రోజంతా వేల సార్లు చేయి ఆడించాలి. తల్లి ఆ పని చేస్తూ భుజం నొప్పితో అల్లాడటం చూసే చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. అంత చాకిరీ పడిన బట్టను తీసుకుపోయి పిడిలో పూడ్చడం నాకు నచ్చదు. దర్జీ కత్తిరింపులున్నాయి, మగ్గం మీద పాడైన ముక్కలున్నాయి, చివికిన చీర కొంగులున్నాయి. మన ఇళ్లలో ఇవన్నీ బొంతలోకి పోయేవి. పొర మీద పొర పేర్చి కుట్టే బొంతకూ ఈ దిమ్మెకూ తేడా దారం బదులు రెజిన్ రావడమే.

పుట్టపాక తేలియా రుమాలు గురించి అడిగారొకరు. వద్దనే చెప్పాను. 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిన బట్ట అది, ఒక కారణం. రెండోది పనికి సంబంధించింది. ఆ నూలును రంగుకు ముందు నూనెలోనూ ఆముదం కాయల బూడిదలోనూ రోజుల తరబడి నానబెట్టి పిసుకుతారు. నూనె మిగిలిన చోట రెజిన్ పట్టదు, పొర విడుతుంది. కొత్త బట్టకు గంజితోనూ ఇదే తంటా. బాగా ఉతికి, ఎండలో ఎండబెట్టాకే పనిలో పెట్టాలి.

పని మరీ కష్టమైందేం కాదు కానీ మన వాతావరణం తొందర పెడుతుంది. ఎపాక్సీలో రెండు సీసాలు, ఒకటి రెజిన్, ఒకటి హార్డెనర్. డబ్బా మీద రాసిన పాళ్లలో తూకం వేసి కలపాలి, కంటి అంచనా పనికిరాదు. కలిపిన క్షణం నుంచి అది గట్టిపడటం మొదలవుతుంది, గట్టిపడుతూ వేడెక్కుతుంది, వేడెక్కే కొద్దీ ఇంకా త్వరగా గట్టిపడుతుంది. పది డిగ్రీలు పెరిగితే చేతిలో ఉన్న గడువు దాదాపు సగమవుతుంది. చలిదేశం వాళ్లు అరగంట అని రాసింది నల్లగొండ మే నెలలో, 45 డిగ్రీల పూట, పది నిమిషాలకు వస్తే గొప్ప. లోతైన గ్లాసులో కలిపితే గ్లాసులోనే పొగలు కక్కుతుంది. వెడల్పాటి పళ్లెంలోకి పోసుకోవాలి, తెల్లవారుజామున కూర్చోవాలి, నెమ్మదిగా గట్టిపడే రకమే కొనాలి. చొక్కా గుడ్డయితే ఒక పక్క పిడికి పాతిక ముప్పై పొరలు పడతాయి, జీన్సయితే పది పన్నెండు చాలు. ఒక్కో పీలికనూ రెండు వైపులా తడిపి, వేలితో ఒత్తి, గాలి బుడగ లేకుండా పేర్చాలి. చెక్కలకు అంటుకోకుండా అడుగునా పైనా పాల ప్యాకెట్ల కవర్లు పరిస్తే సరి, ఆ ప్లాస్టిక్‌కు ఎపాక్సీ అంటదు. నాలుగు క్లాంపులు బిగిస్తే అంచుల నుంచి మిగులు రెజిన్ తేనెలా కారుతుంది. కారడం ఆగాక ఇంకో చుట్టు బిగించి వదిలేయాలి.

చేతులకు తొడుగులు, రాకేటప్పుడు మాస్కు. ఇది లాంఛనానికి చెప్పడం లేదు. హార్డెనర్ చర్మానికి పడకపోతే ఆ దురద జన్మంతా వెంటాడుతుంది, పొడి ఊపిరితిత్తులకు చెరుపు. నీళ్లు చల్లుకుంటూ రాకితే పొడి లేవదు.

ఇంతకీ మన దగ్గర పిడి అంటే ఏమిటి? పాతకాలపు వంటింట్లో అసలు పిడే లేదు. ఈలపీట మీద కత్తి కదలదు, కూరగాయే కదులుతుంది, కాలి కింద పీటే దానికి పిడి. పిడి ఉన్న కత్తులన్నీ బయటివి. కొడవలి, గీత కత్తి, మాంసం కొట్టు కత్తి. వీటికి తుమ్మ, టేకు, నల్లమల దగ్గరైతే చండ్ర. కమ్మరి కత్తి తోకను కొలిమిలో ఎర్రగా కాల్చి కట్టెలోకి దిగగొడతాడు. కట్టె సుర్రుమని కాలుతూ తానే దారి ఇస్తుంది, పొగ చిమ్ముతుంది. మూతికి ఇనుప పొన్ను తొడిగితే కట్టె చీలదు. ఎండాకాలం కట్టె ఎండి తోక వదులైతే రాత్రి కొడవలిని నీళ్ల బకెట్లో పడేస్తారు, తెల్లారేసరికి ఉబ్బి బిగుసుకుంటుంది. జారుతుందనుకుంటే పిడికి గుడ్డ పీలికో సైకిల్ ట్యూబో చుట్టుకుంటారు. తాటిచెట్టు మీద నిలబడి కల్లు గీసే గౌడన్నకు పట్టు తప్పితే ఏమవుతుందో చెప్పక్కరలేదు కదా. పిడికి గుడ్డ అక్కరకు రావడం ఇక్కడ కొత్త కాదన్నమాట, రెజినే కొత్త.

కోనసముద్రం అనే ఊళ్లో చేసిన కత్తుల ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారని మనం గొప్పగా చెప్పుకుంటాం, దాని పిడుల గురించి ఒక్క మాట ఉండదు. చరిత్రలో నిలిచిన పిడులు రాజులవి. సాలార్‌జంగ్ మ్యూజియంలో నూర్జహాన్ పండ్ల కత్తి దగ్గర జనం నిలబడేది దాని పచ్చరాతి పనికోసం, పొదిగిన రత్నాల కోసం. రైతు పిడి మ్యూజియానికి ఎట్లా పోతుంది? అది అరిగితే పొయ్యిలోకి పోయేది. కత్తి ఉండిపోయేది, పిడి మారిపోయేది. కత్తి కమ్మరిది, పిడి ఇంటిది. తీరిక దొరికిన మధ్యాహ్నం ఎవరైనా ఒక తుమ్మకొమ్మ చెక్కేసేవారు.

దేవరకొండ దిక్కున ఒక కమ్మరి పెద్దాయనకు నా గుడ్డ పిడి కత్తి చూపించాను. లారీ కమాన్ పట్టీతో చేసిన మామూలు కూరగాయల కత్తి అది. చేతిలో తిప్పి చూశాడు, గోటితో గీశాడు, తన దాగలి మీద పిడిని రెండు సార్లు కొట్టి చూశాడు.

"గట్టిగనే ఉన్నది సారూ. ఇగ కొడవలికి ఇట్ల జేస్తే, కక్కు కొట్టనీకి తెచ్చినప్పుడు ఎట్ల ఊడదియ్యాలె?"

ఊడదన్నాను.

"ఊడకపోతే కొలిమిల ఎట్ల పెట్టాలె?"

ఆయన అడిగింది సూటిగా అసలు చోటుకే తగిలింది. కొడవలి ఏటా కొలిమికి పోతుంది. మొద్దుబారిన పళ్లు కొట్టేయాలి, కాల్చాలి, కక్కు మళ్లీ పెట్టాలి. పిడి ఊడిరావడం అక్కడ లోపం కాదు, అవసరం. గుడ్డ పిడి కత్తికి అతుక్కుని ఉంటుంది, అడ్డంగా ఇత్తడి కడ్డీలు కూడా దిగగొట్టి ఉంటాయి. పదును అరిగి అరిగి కత్తి పనికిరాకుండా పోయినా పిడికి ఏమీ కాదు. ఇంట్లో అన్నిటికంటే ముందు చివికిపోయే వస్తువు గుడ్డ, దాన్ని తెచ్చి ఇనుము కంటే ఎక్కువ కాలం ఉండేట్టు చేస్తున్నాం. ఇందులో నాకు ముచ్చట ఉంది, కొంచెం ఇబ్బందీ ఉంది. కట్టె పిడి పొయ్యిలోకి పోతుంది. దీన్ని పొయ్యిలో పెట్టకూడదు, మట్టిలో వేసినా కలవదు.

ఇంకో సంగతి ఆయనకు చెప్పలేదు, మీకు చెబుతాను. ఇంట్లో చేసే ఎపాక్సీ, ఫ్యాక్టరీ హైలం ఒకటి కావు. వేడి మీద నొక్కిన హైలం వేడికి మెత్తబడదు. గది వేడికే గట్టిపడిన మామూలు ఎపాక్సీ 50, 60 డిగ్రీల దగ్గర బిగువు సడలడం మొదలుపెడుతుంది. మే నెల మధ్యాహ్నం మన నల్లరాతి బండ మీద మరిచిపోయిన కత్తికి ఆ వేడి తగలడం పెద్ద విషయం కాదు. కాబట్టి పొలం పనిముట్లకు నా ఓటు ఇప్పటికీ తుమ్మకే. వంటింటి కత్తికి మాత్రం గుడ్డ పిడి. సింకులో నానే కత్తికి, రోజుకు పదిసార్లు కడిగే కత్తికి కట్టె పిడి నిలవదు. ఉబ్బి, ఎండి, తోక చుట్టూ సందు పడి, ఆ సందులో జిడ్డు చేరుతుంది. గుడ్డ పిడికి ఆ సందే ఉండదు.

ఇప్పుడు కళ్లు గొంగడి మీద ఉన్నాయి. పాలమూరు నల్లగొర్రె ఉన్నితో నేసిన పాతది, అంచులు చినిగింది, మా పక్కింటి కురుమ పెద్దమ్మ ఇచ్చింది. "దీంతోని కత్తికి పిడి జేస్తవా? చలికి కప్పుకోరాదు" అని నవ్వింది కూడా. గొంగడికి చింతగింజల గంజి పట్టిస్తారు, ఉన్నికి దాని జిడ్డు దానికుంటుంది. గంజి వదిలించడానికి వేడినీళ్లలో నానబెట్టి ఉతికాను, ఆరాక చేతికి ఇంకా బిరుసుగానే తగులుతోంది. ఇంకోసారి ఉతకాలి. మందం ఎక్కువ కాబట్టి నాలుగైదు పొరలకే పిడి అవుతుంది, అయితే అంత మందంలోకి రెజిన్ దిగేలోపు గట్టిపడిపోకూడదు. ఎండలు తగ్గాక, కార్తీకంలో పెట్టుకుంటాను ఆ పని.