నిజాలతో అల్లిన వల: ‘ది కాస్క్ ఆఫ్ అమాంటిలాడో’ కథానికలో ప్రతినాయకుడి వంచన

ఉపోద్ఘాతం

అమెరికన్ రచయిత ఎడ్గార్ ఎలన్ పో రాసిన ‘ది కాస్క్ ఆఫ్ అమాంటిలాడో’ కథానిక 1846 నవంబరులో ‘గోడీస్ లేడీస్ బుక్’ పత్రికలో వెలువడింది. ఇటలీలోని ఒక నగరంలో కార్నివాల్ ఉత్సవాల వేళ మాంట్రెసార్ అనే కులీనుడు తన పరిచయస్థుడైన ఫార్చునాటోను అరుదైన మద్యం పేరుతో తన భవనం కింది నేలమాళిగలోకి తీసుకువెళ్తాడు. అక్కడ అతణ్ణి గొలుసుతో బంధించి, గోడ కట్టి సజీవంగా సమాధి చేస్తాడు. ఈ కథ చెబుతున్నది హంతకుడే. అదీ నేరం జరిగిన యాభై ఏళ్ళ తర్వాత.

ఫార్చునాటో తనకు ఎన్నో అపకారాలు చేశాడనీ, వాటిని సహించినా అవమానాన్ని మాత్రం సహించలేకపోయాననీ మాంట్రెసార్ ఆరంభంలోనే అంటాడు. ఆ అవమానం ఏమిటో కథ ముగిసేవరకు చెప్పడు. అందువల్ల ఆ అవమానం ఏమై ఉంటుందన్న ఆలోచనతోనే చాలా పఠనాలు మొదలవుతాయి. ఆ ప్రశ్నతో మొదలుపెట్టడమే కథకుడి వలలో పడటమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మాంట్రెసార్ వంచన బాధితుడితో ఆగిపోదు. కథ వినేవారినీ, చివరికి అతణ్ణి కూడా అది చుట్టుకుంటుంది. ఈ మూడు స్థాయిలనూ కథలోని ఆధారాలతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నాయకుడు లేని ప్రతినాయకుడు

ధనంజయుడి దశరూపకం ప్రతినాయకుణ్ణి లోభిగా, ధీరోద్ధతుడిగా, మొండివాడిగా, పాపిగా, వ్యసనపరుడిగా నిర్వచించింది. ధీరోద్ధతుడి లక్షణాల్లో మాత్సర్యం, మాయ, కపటం ఉన్నాయి. ఈ మూడూ మాంట్రెసార్‌లో పుష్కలంగా కనిపిస్తాయి. అదే జాబితాలోని ఉగ్రత్వం, ఆత్మశ్లాఘ మాత్రం ఫార్చునాటో ఎదుట ఎక్కడా బయటపడవు. అతడి ముందు మాంట్రెసార్ చిరునవ్వుతో, మర్యాదతో ప్రవర్తిస్తాడు.

అంతకన్నా ముఖ్యమైన తేడా మరొకటి ఉంది. లక్షణశాస్త్రంలో ప్రతినాయకుడికి ఎదురుగా ఒక నాయకుడు ఉంటాడు. ఆ నాయకుడి పక్షాన నిలబడి చూసినప్పుడే ప్రతినాయకుడి దుష్టత్వం తేటపడుతుంది. పో కథలో ఆ పక్షమే లేదు. నేరాన్ని తూచే పాత్ర గానీ, శిక్షించే వ్యవస్థ గానీ, నీతి చెప్పే గొంతు గానీ కథలో వినిపించదు. ఆ బాధ్యత పూర్తిగా పాఠకుడి మీద పడుతుంది. కథకుడు మొదట లోబరచుకోదలచినది కూడా ఆ పాఠకుణ్ణే.

బాధితుడి మీద వల

మాంట్రెసార్ పద్ధతిని గుర్తించడానికి తెలుగు పాఠకుడికి చిరపరిచితమైన మరో వంచకుణ్ణి పక్కన నిలపవచ్చు. చిన్నయసూరి నీతిచంద్రిక (1853) మిత్రలాభంలో బంగారు కంకణం చూపి బాటసారిని పిలిచే ముసలి పులి ఉంది. తాను పాపాలు మానేశాననీ, దానధర్మాల్లో నిమగ్నమయ్యాననీ అది నమ్మబలుకుతుంది. ఆశకు లోబడిన బాటసారి బురదలో దిగబడి దానికి ఆహారమవుతాడు. పులి వంచనకు ఆధారం అబద్ధం. తన స్వభావాన్ని దాచి, ఎదుటివాడి నమ్మకాన్ని సంపాదిస్తే తప్ప దాని పని జరగదు.

మాంట్రెసార్ పద్ధతి దీనికి పూర్తిగా విరుద్ధం. అమాంటిలాడో పీపా ఉందన్నది అతడి ప్రధానమైన అబద్ధం. ఆ ఎర వేశాక అతడు రమ్మని పిలవడు, వద్దని వారిస్తాడు. లుకేసీ అనే మరో మద్యపరీక్షకుణ్ణి అడుగుతానంటాడు. నేలమాళిగ చెమ్మగా ఉందని, గోడల నిండా సురేకారం పట్టిందని, ఫార్చునాటోకు దగ్గు ఉందని హెచ్చరిస్తాడు. ఇవన్నీ నిజాలే. దగ్గుతో తాను చావనని ఫార్చునాటో అన్నప్పుడు మాంట్రెసార్ వెంటనే ఒప్పుకుంటాడు. అదీ నిజమే. తన వంశచిహ్నంలో కాలి కింద నలుగుతూ మడమను కాటేసే పాము ఉందనీ, తమకు హాని చేసినవాడు శిక్ష తప్పించుకోలేడన్నది తమ వంశసూక్తి అనీ దాచకుండా చెబుతాడు. నీవు ఫ్రీమేసన్‌వా అని ఫార్చునాటో ఎగతాళిగా అడిగితే, అంగీ కింది నుంచి తాపీ తీసి చూపిస్తాడు. జరగబోయేదంతా బాధితుడి కళ్ళముందే ఉంది. అతడికి దాని అర్థం మాత్రమే తెలియదు.

నౌకర్ల విషయంలోనూ ఇదే సూత్రం పనిచేసింది. తాను తెల్లవారేదాకా తిరిగి రానని చెప్పి, ఇల్లు కదలవద్దని గట్టిగా ఆజ్ఞాపిస్తే వాళ్ళు తప్పక ఉత్సవానికి పోతారని మాంట్రెసార్‌కు తెలుసు. నిషేధాన్నే ప్రేరణగా వాడుకోవడంలో అతడి క్రౌర్యం ఉంది. ఫలితంగా లోపలికి వేసిన ప్రతి అడుగూ ఫార్చునాటో స్వయంగా నిర్ణయించుకున్నట్టు కనిపిస్తుంది. అపరాధం కూడా ఆ మేరకు బాధితుడి వైపు జరుగుతుంది.

శ్రోత మీద వల

కథ తొలి వాక్యాల్లోనే మాంట్రెసార్ ఒక శ్రోతను సంబోధిస్తాడు. తన ఆత్మస్వభావం ఆ శ్రోతకు బాగా తెలుసునంటాడు. ఆ శ్రోత ఎవరో కథ చెప్పదు. మరణశయ్య దగ్గర పాపనివేదన వింటున్న మతగురువు కావచ్చునన్న వ్యాఖ్యానం ఉంది. ఎవరైనప్పటికీ ఆ సంబోధన వల్ల పాఠకుడు హంతకుడి ఆంతరంగికుల వరుసలో కూర్చుంటాడు. అక్కడి నుంచి చూసినప్పుడు ఫార్చునాటో గంటల టోపీ పెట్టుకున్న విదూషకుడిగా, తాగుబోతుగా, ఆత్మస్తుతికి లొంగిపోయే మూర్ఖుడిగా కనిపిస్తాడు.

ఈ చిత్రాన్ని కాదనే వాక్యం కూడా కథలోనే ఉంది. ఇతర విషయాల్లో ఫార్చునాటో గౌరవించదగినవాడనీ, భయపడదగినవాడనీ, పాత మద్యాల విషయంలో నిజమైన పరిజ్ఞానం కలవాడనీ మాంట్రెసారే ఒప్పుకున్నాడు. గంటల చప్పుడులో ఆ అంగీకారం మరుగునపడింది. నిజానికి విదూషక వేషం ఆ ఒక్క పండుగ సాయంత్రానిది. అదే సాయంత్రం నల్లని పట్టు ముసుగు వేసుకున్నవాడు మాంట్రెసార్. ఫార్చునాటోను మూర్ఖుడని తేల్చే విమర్శ, హంతకుడి సాక్ష్యాన్నే తీర్పుగా స్వీకరించినట్టవుతుంది.

తన మీద తాను వేసుకున్న వల

ప్రతీకారానికి మాంట్రెసార్ తానే రెండు నియమాలు పెట్టుకున్నాడు. ప్రతీకారం తీర్చుకున్నవాడికి శిక్ష పడకూడదు. శిక్షిస్తున్నది ఎవరో అపకారికి తెలిసిరావాలి. మొదటి నియమం యాభై ఏళ్ళ పాటు నెగ్గింది. రెండవది నెగ్గిందా అన్నదే ఈ కథకు అసలు పరీక్ష.

గోడ పూర్తికావస్తున్నప్పుడు ఫార్చునాటో దాన్ని పరిహాసంగా కొట్టివేయడానికి ప్రయత్నిస్తాడు. తర్వాత దేవుడి పేరు మీద వేడుకుంటూ మాంట్రెసార్‌ను పేరు పెట్టి పిలుస్తాడు. తనను బంధించినవాడు ఎవరో అతడికి తెలుసు. ఎందుకు బంధించాడో తెలిసినట్టు మాత్రం ఒక్క మాటా లేదు. అప్పుడు మాంట్రెసార్ సహనం కోల్పోయి అతణ్ణి రెండుసార్లు పిలుస్తాడు. జవాబుగా గంటల సవ్వడి మాత్రమే వినిపిస్తుంది. అంతవరకు ప్రతి మాటనూ తన అదుపులో ఉంచుకున్నవాడు ఆ క్షణంలో ఎదుటివాడి మాట కోసం ఎదురుచూశాడు. ఆ మాట రాలేదు.

వెంటనే తన గుండెలో ఏదో వికారం కలిగిందనీ, దానికి కారణం నేలమాళిగలోని చెమ్మ అనీ అంటాడు. ఈ చెమ్మనే అతడు అంతకుముందు ఫార్చునాటో ఆరోగ్యం మీద లేని శ్రద్ధ నటించడానికి సాకుగా వాడుకున్నాడు. బాధితుణ్ణి మోసగించిన సాకే ఇప్పుడు తనను తాను మోసగించుకోవడానికి పనికివచ్చింది.

ఆ వికారాన్ని పశ్చాత్తాపంగా గ్రహించే పఠనం ఉంది. దాన్ని పూర్తిగా తోసిపుచ్చలేకపోయినా, కథ అంత దూరం వెళ్ళనిస్తుందని చెప్పడం కష్టం. పశ్చాత్తాపానికి ఎదుటివాడి బాధను బాధగా గుర్తించడం అవసరం. యాభై ఏళ్ళ తర్వాత కూడా మాంట్రెసార్ ఆ పని చేయలేదు. మృతుడికి శాంతి కోరే చివరి లాటిన్ మాటలు ప్రార్థనో పరిహాసమో తేలదు. అయితే లెక్క తేలిపోయినవాడు అర్ధశతాబ్ది తర్వాత దాన్ని మళ్ళీ విప్పి చూపించడు. రాని జవాబును అతడు ఇప్పుడు శ్రోత నుంచి కోరుతున్నాడని భావించడమే కథాక్రమానికి దగ్గరగా ఉంటుంది.

ముగింపు

మాంట్రెసార్ చెప్పని అవమానం పాఠకుడు ఊహించి పూరించవలసిన ఖాళీ కాదు. కారణాన్ని దాచిపెట్టి తీర్పును మాత్రం ఒప్పించుకోవడమే అతడి వంచనకు పరాకాష్ఠ. ప్రతినాయకుడే కథకుడైన ప్రతి రచనలోనూ బాధితుడి గొంతు హంతకుడి నోటి మీదుగానే పాఠకుణ్ణి చేరుతుంది. అందువల్ల బాధితుడు చేసిన తప్పేమిటని వెతకడానికి ముందు, ఆ తప్పును ఎవరు, ఎవరి ముందు, దేనికోసం చెబుతున్నారని ప్రశ్నించడం విమర్శ ధర్మం. ఆ ప్రశ్న వేసినప్పుడు మాంట్రెసార్ ముసుగు అతడి మాటల వల్లనే తొలగిపోతుంది.