పడక ఎంత ఎత్తున?

ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దాకా నడిచి రావాలనుకునే మనవాళ్లు ముందుగా అడిగేది, రోజుకి ఎన్ని కిలోమీటర్లు నడవాలని. నేపాల్‌లోని ఖుంబూ ప్రాంతంలో దారి చూపే షెర్పా గైడ్లు ఆ లెక్కను పెద్దగా పట్టించుకోరు. ఈ రాత్రి పడక ఏ ఊళ్లో, నిన్నటి పడక కన్నా అది ఎంత ఎత్తు, ఒంట్లో బాగోకపోతే దిగివెళ్లి తలదాచుకోవడానికి కింద ఏ ఊరుంది? వాళ్ల ప్రణాళిక అంతా ఈ ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. పగటి నడకను ఆ పడకల మధ్య సర్దుతారు. పన్నెండు రోజుల యాత్రను ఇలా రాత్రుల లెక్కన కట్టడమే వాళ్ల విద్యలో కీలకం. గైడ్‌కు డబ్బిచ్చేదీ ఇందుకే, దారి కోసం కాదు. ఆ బాటలో దారి తప్పడమే కష్టం. సీజన్‌లో అయితే ముందువాడి వీపు చూసుకుంటూ పోవచ్చు.

‘ఎవడే సుబ్రమణ్యం’ సినిమా చూసినవాళ్లకు దూద్ కాశి పేరు గుర్తుండే ఉంటుంది. ఖుంబూలో దూద్ కోసి ఒక నది. హిమానీనదాలు నలిపిన రాతిపిండిని కలుపుకుని పాలరంగులో దూకుతూ వస్తుంది. లుక్లా నుంచి పైకి పోయే బాట మొదటి రెండు రోజులూ దాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. వేలాడే వంతెనల మీద అటూ ఇటూ దాటిస్తుంది. లుక్లా విమానాశ్రయాన్ని 1964లో ఎడ్మండ్ హిల్లరీ పూనుకుని కట్టించారు. రన్‌వే పొడవు 527 మీటర్లే, అదీ ఏటవాలు. ఒక కొసన కొండ గోడ, రెండో కొసన లోయ. ఊరి ఎత్తు సుమారు 2,860 మీటర్లు. విమానం దిగినవాళ్లను గైడ్ ఆ పూటే నడిపించి 2,610 మీటర్ల దగ్గరున్న ఫక్‌డింగ్‌లో పడుకోబెడతాడు. ఎవరెస్ట్‌కని బయల్దేరినవాళ్లు మొదటి రోజు కిందికి నడుస్తారన్నమాట.

మర్నాడు నామ్‌చే బజార్, 3,440 మీటర్లు. హిల్లరీ వంతెన దాటాక పైన్ చెట్ల మధ్య 600 మీటర్ల ఎక్కుడు. ఇక్కడ రెండు రాత్రులు ఉండి తీరాలి. నడుమనున్న రోజును కాగితం మీద ‘విశ్రాంతి’ అని రాస్తారు కానీ కాళ్లకు విశ్రాంతి ఉండదు. పొద్దున్నే 3,880 మీటర్ల దగ్గరున్న ఎవరెస్ట్ వ్యూ హోటల్ దాకా ఎక్కించి, మధ్యాహ్నానికి మళ్లీ నామ్‌చేకే దించుతారు. పగలు ఎక్కు, రాత్రి దిగి పడుకో అన్నది కొండవాళ్ల పాత సూత్రం. ఆ తర్వాత 1916లో స్థాపించిన బౌద్ధారామం ఉన్న టెంగ్‌బోచే, 3,860. దాని తర్వాత డింగ్‌బోచే, 4,410. అక్కడ మళ్లీ రెండు రాత్రులు. ఆపైన లోబుచే 4,940, గోరక్‌షెప్ 5,164, అక్కడి నుంచి 5,364 మీటర్ల బేస్ క్యాంప్‌కు వెళ్లి అదే రోజు వెనక్కి. 3,000 మీటర్లు దాటాక పడక ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి ఆగాలని వైద్యులు చెబుతారు. పై అంకెలు తీసివేసుకుంటూ పోతే రెండుచోట్ల ఆ గీత కాస్త దాటడం కనిపిస్తుంది. టెంగ్‌బోచే నుంచి డింగ్‌బోచేకు 550, అక్కణ్ణుంచి లోబుచేకు 530. ఆ రెండు ఎక్కుళ్ల మధ్య డింగ్‌బోచేలో రెండో రాత్రి పెట్టింది అందుకే.

ఎత్తుకు పోయేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గదు. అక్కడా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. బేస్ క్యాంప్ దగ్గర అది సముద్రమట్టంలో ఉండేదానికి ఇంచుమించు సగం. ఒళ్లు ముందు చేసే పని, ఊపిరి వేగం పెంచడం. దాంతో బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోయి రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. పెరిగిందని మెదడు ఊపిరికి కళ్లెం వేస్తుంది. మూత్రపిండాలు బైకార్బనేట్‌ను బయటికి తోసేస్తే గానీ ఆ కళ్లెం వదలదు, దానికి రోజులు పడుతుంది. నామ్‌చేలో రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవాల్సి వచ్చిందని విసుక్కునేవాళ్లను చూసి గైడ్ సంతోషించేది అందుకే. డయామాక్స్ మాత్ర చేసేదీ మూత్రపిండాల ఈ పనిని తొందరపెట్టడమే. ముందుజాగ్రత్తగా పూటకు 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు వేసుకోవడం వాడుక. డాక్టరును అడిగే వేసుకోవాలి, అందులోనూ సల్ఫా మందులు పడనివాళ్లు. నిద్రలో ఊపిరి సహజంగానే మందగిస్తుంది. పైన పడుకుంటే కాసేపు ఆగిపోయి, ఒక్కసారి ఎగశ్వాసతో మొదలవుతుంది. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయేది ఆ వేళల్లోనే. పగలు ఎంత ఎక్కామన్నదాని కన్నా రాత్రి ఎక్కడ పడుకున్నామన్నది ముఖ్యం అయింది ఇందువల్ల.

కండబలానికి దీంతో సంబంధం లేదు. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు వారం వారం ఎక్కడం మంచి సాధన, మోకాళ్లకు దిగడం ఇంకా మంచి సాధన. కాకపోతే మెట్ల మీద అందరికన్నా ముందుండే కుర్రాడే పైన తొందరపడి తలనొప్పి తెచ్చుకుంటాడు. వాణ్ణి ఆపడమే గైడ్‌కు అన్నిటికన్నా పెద్ద పని. ‘బిస్తారై, బిస్తారై’ (మెల్లగా, మెల్లగా) అంటూ తానే ముందు నడుస్తాడు. అడుగు చిన్నది, మడమా మునివేళ్లూ ఒకేసారి నేల మీద ఆనుతాయి, వెనకకాలు ఒక్క క్షణం నిటారుగా నిలబడి బరువును ఎముక మీదికి తీసుకుంటుంది. కబుర్లు చెప్పుకుంటూ నడవగలిగినంత వేగం చాలు. మాట తెగి ఆయాసం వినిపిస్తే నడక ఇంకా తగ్గుతుంది.

సాయంత్రం లాడ్జిలో యాక్ పేడ పిడకల పొయ్యి చుట్టూ అందరూ చేరాక చూడాలి గైడ్ పనితనం. వేలికి ఆక్సీమీటర్ పెడతాడు గానీ చలికి బిగుసుకుపోయిన వేళ్ల మీద ఆ అంకెను పూర్తిగా నమ్మడు. అతను గమనించేది పళ్లాలను. పప్పూ అన్నం రెండోసారి అడిగారా, ముద్ద కలిపి వదిలేశారా, పొద్దుట జోకులేసిన మనిషి ఇప్పుడు మూలకు చేరాడా, గ్లవ్స్ తొడుక్కోవడానికి తడుముకుంటున్నాడా. తలనొప్పితోపాటు వికారం, ఆకలి లేకపోవడం ఉంటే అక్కణ్ణుంచి పైకి కదలనివ్వడు. అనుమానం వస్తే నేల మీది చెక్కల గీత వెంట మడమకు బొటనవేలు తాకిస్తూ నడవమంటాడు. తూలితే అది మెదడు వాపు. కూర్చున్నా ఆయాసం, దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు. ఈ రెంటికీ మందు కిందికి దించడమే, అదీ వెంటనే, అర్ధరాత్రయినా సరే. 1973లో పుట్టిన హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ డింగ్‌బోచేకు దగ్గర్లోని ఫెరిచేలో వైద్యకేంద్రం నడుపుతోంది. సీజన్‌లో మధ్యాహ్నాలు అక్కడి డాక్టర్లు ఎత్తు జబ్బు గురించి చెబుతారు. డింగ్‌బోచేలో ఆగిన రోజున వెళ్లి వినడం మంచిది, ఎలాగూ ఆ మధ్యాహ్నం చేసే పనేమీ ఉండదు.

ఈ విద్య ఒక్కరోజులో పుట్టలేదు. షెర్పాలు కొన్ని వందల ఏళ్ల కిందట టిబెట్ తూర్పు నుంచి వచ్చి ఖుంబూలో స్థిరపడ్డారు. కనుమలు దాటించి ఉప్పు, ధాన్యం మార్చుకునేవాళ్లు, యాక్‌లను మేపుకునేవాళ్లు. పర్వతారోహణలో వాళ్ల సత్తా మొదట గుర్తించినవారిలో స్కాట్లండ్ రసాయన శాస్త్రవేత్త అలెగ్జాండర్ కెల్లాస్ ఒకరు. 1907లో సిక్కిం కొండల్లో వాళ్లను పనిలోకి తీసుకున్నారు. ఆ తర్వాత డార్జిలింగ్ కేంద్రంగా దండయాత్రల వంటి ఎవరెస్ట్ ప్రయత్నాలు సాగాయి. మనుషుల్ని, సామాన్లని, కూలిని, తిండిని ఒకచేత్తో నడిపే సర్దార్ పదవి అక్కడ రూపుకట్టింది. 1953 ఎవరెస్ట్ బృందానికి సర్దార్ టెన్సింగ్ నార్గే. 1964లో జిమ్మీ రాబర్ట్స్ అనే మాజీ గూర్ఖా అధికారి కాఠ్మండూలో మౌంటెన్ ట్రావెల్ పెట్టి, ఇదే ఏర్పాటును శిఖరం ఎక్కనక్కరలేని మామూలు మనిషికి అమ్మి చూపించారు. మరుసటి ఏడు ఆయన తీసుకెళ్లిన మొదటి బృందంలో ఉన్నది ముగ్గురు అమెరికన్ మహిళలు. ఇవాళ ప్రపంచమంతటా ‘గైడెడ్ ట్రెక్’ పేరుతో నడుస్తున్న వ్యాపారానికి అచ్చు అక్కడ పడింది.

అచ్చులో ఒక లోపం కూడా పడింది. సామాను మోసేవాళ్లనందరినీ బయటివాళ్లు షెర్పాలనే అనుకుంటారు. నిజానికి వాళ్లలో చాలామంది రాయి, తమాంగ్, మగర్ వంటి జాతులవాళ్లు, కింది లోయల రైతులు. షెర్పాల ఒంట్లో ఎత్తుకు తట్టుకునే వారసత్వం కొంత ఉంది. టిబెట్ జనంలో కనిపించే ఈపీఏఎస్1 జన్యువు రూపం వాళ్లలోనూ ఉంది. కింది ఊళ్ల నుంచి వచ్చిన కూలీకి ఆ దన్ను అంతగా ఉండదు. మన తల నొచ్చే చోటే అతని తలా నొస్తుంది, పైగా దాని మీద బరువుంటుంది.

ఆ బరువు మోసే తీరు దగ్గరగా చూడదగ్గది. డోకో అనే వెదురుబుట్ట వీపు మీద, దాని కింది నుంచి వచ్చే నామ్లో పట్టీ నడినెత్తికి కాస్త ముందు. భుజాల మీద ఏమీ ఉండదు. మెడా వెన్నూ ఒకే గీతలోకి వచ్చి బరువు నిలువునా దిగుతుంది. చేతిలో ‘టి’ ఆకారపు పొట్టి కర్ర, దాన్ని టోక్మా అంటారు. కొద్ది అడుగులు వేసి, కర్రను బుట్ట అడుక్కి ఆనించి నిలబడే ఊపిరి తీసుకుంటారు. బుట్ట దించరు, దించితే ఎత్తుకోవడానికే సగం బలం పోతుంది. నామ్‌చే సంతకు పోయే కూలీల మీద 2005లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన, మగవాళ్లు సగటున తమ ఒంటి బరువులో 93 శాతం మోస్తున్నారని తేల్చింది. ఆ నైపుణ్యాన్ని మెచ్చుకోవడం తేలిక. మన డఫెల్ బ్యాగులో మూడో జీన్స్ ప్యాంటు తీసేయడం అంతకన్నా ఉపయోగం.

అందుకని ఏజెన్సీతో మాట్లాడేటప్పుడు ధర కన్నా ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ప్రతి రాత్రి పడక ఎత్తు రాసివ్వమనండి. డింగ్‌బోచేలో ఒకే రాత్రి రాసి ‘తొమ్మిది రోజుల్లో పూర్తి’ అంటే వదిలేయండి. ఆదా చేసింది రోజు కాదు, మీ ఒంటికి దక్కాల్సిన వ్యవధి. ఒక్కో పోర్టర్ మీద ఎన్ని కిలోలు, అతనికి బీమా ఉందా, గోరక్‌షెప్‌లో ఎక్కడ పడుకుంటాడు, జబ్బు చేస్తే తోడెవరు దిగుతారు అని అడగండి. ఈ ప్రశ్నలకు నసిగేవాళ్లు మీకు జబ్బు చేసిన రాత్రి కూడా నసుగుతారు. మీ బీమా పత్రంలో ఆరు వేల మీటర్ల దాకా నడక, హెలికాప్టర్ తరలింపు రెండూ ఉండాలి. మామూలు ప్రయాణ బీమాల్లో చాలావాటికి ఎత్తు పరిమితి ఉంటుంది, అది చిన్న అక్షరాల్లో ఉంటుంది.

మిగతావి పెద్ద విషయాలు కావు. మార్చి నుంచి మే, అక్టోబర్, నవంబర్ మంచి కాలం. వీసా అక్కర్లేదు, విమానంలో వెళ్తే పాస్‌పోర్ట్ గానీ ఓటరు కార్డు గానీ కావాలి. సగర్‌మాథా జాతీయ పార్కు రుసుము, స్థానిక గ్రామ పాలిక రుసుము దారిలోనే కట్టొచ్చు. లాడ్జి గది చవక, ఎందుకంటే రాత్రి భోజనం అక్కడే తినాలన్నది ఒప్పందం. నామ్‌చే దాటాక మాంసం జోలికి పోవద్దు, అది కింది నుంచి రోజుల తరబడి వీపుల మీద వచ్చింది. పప్పన్నం ఎన్నిసార్లయినా వడ్డిస్తారు. నోరు చచ్చిన పూట దాని పక్కన కాస్త కందిపొడి, గోంగూర పచ్చడి ఉంటే నాలుగు ముద్దలు ఎక్కువ దిగుతాయి. ఆ సీసా మాత్రం పోర్టర్ బుట్టలో వేయక మీ సంచిలోనే పెట్టుకోండి.

చివరిగా, రద్దీ నెలల్లో లుక్లా విమానాలు చాలావరకు కాఠ్మండూ నుంచి కాక రామేఛాప్ నుంచి ఎగురుతాయి. అర్ధరాత్రి లేచి నాలుగైదు గంటలు రోడ్డు మీద పోవాలి. మబ్బు పడితే ఆ రోజుకు విమానం లేనట్టే, గాలి లేచాక మధ్యాహ్నం ఎలాగూ ఎగరవు. రెండు రోజులు ఖాళీగా ఉంచుకున్నాకే హైదరాబాద్‌కు తిరుగు టికెట్ కొనండి. లేకపోతే ఆ రెండు రోజులనూ డింగ్‌బోచే నుంచి కోయమని గైడ్‌ను బతిమాలుకుంటారు, మంచి గైడ్ అయితే ఒప్పుకోడు.